గోడవైపు పీట

హేమంతారంభమునందలి యొకానొక సాయంకాలమున భాగ్యనగర పశ్చిమదిగ్భాగమునందు అభ్రంకషములైన అద్దాలమేడల నడుమ నెట్లో మిగిలియున్న నల్లని గండశిలల వెనుకకు భానుబింబము చేజారిన కుంకుమభరిణవలె దొర్లిపోవుచుండ క్రీడాప్రాంగణమునందలి దీపస్తంభములు నాలుగును ఒక్కపరి వెలిగి మింట నప్పుడే కన్నుతెరచిన శుక్రనక్షత్రమును చిన్నబుచ్చెను. ఆ వెలుగున మరకతఫలకమువలె మెరయు పచ్చికపై రెండు దేశముల వనితలు కాలిబంతియాట యందు తలపడనున్నారని విని జనులు గుంపులుగుంపులుగా ద్వారములవైపు ప్రవహించుచుండిరి. చెక్కిళ్ళపై మూడురంగులు పూసికొనిన బాలికలును వారిని తోడ్కొని వచ్చినందులకే తాము త్యాగధనులమని తలచు తండ్రులును ఆడువారి యాటకు గనుక టికెట్లు సులువుగా దొరకినవని మురియు యువకులును ఆ ప్రవాహమునందు గలరు.

ఎవ్వరికంటను పడరాదని తలవంచికొని నడచుచున్న సుభాషిణియు నందే గలదు. ఆమె ధర్మవరమున పట్టుచీరల యంగడి నడపు చౌడప్పకు భార్య. పట్టభద్రురాలు. ఆ సాయంకాలము స్వదేశపక్షమున గోలు కాయనున్న హిమజ యను పందొమ్మిదేండ్ల పిల్లకు కన్నతల్లి. కన్నబిడ్డ తొలిసారి దేశముకొరకు ఆడునాడు కన్నతల్లి దొంగవలె రావలసిన యగత్యమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును.

హిమజ పదమూడవయేట పాఠశాలల పోటీలో ఆడుచుండ సుభాషిణి మొదటిసారి చూడబోయి ఆపుకొనలేక జాగ్రత్త చెప్పబోయి పైలమని కేకవేసెను. బిడ్డ తల్లివైపు తిరిగెను. బంతి వలలోనికి పోయెను. రెండవసారి ఆమె నోటికి కొంగడ్డము పెట్టుకొని కూర్చుండగా బిడ్డ చిటికెనవ్రేలు విరిగెను. రెండు సాక్ష్యములు న్యాయస్థానమునకు చాలకపోవచ్చును గాని అత్తగారికి చాలును. ఊరివారి దిష్టికి ఉప్పుమిరపకాయలు విరుగుడు కాగలవనియు కన్నతల్లి దిష్టికి విరుగుడు సృష్టిలోనే లేదనియు సుభాషిణి యత్తగారైన ఓబులమ్మ తీర్పుచెప్పెను. నాటినుండి టీవీలోనో ఫోనులోనో హిమజ యాట వచ్చునపుడెల్ల కుటుంబమంతయు తెరకెదురుగా కూర్చుండ సుభాషిణికి మాత్రము గోడవైపు పీట వేయబడెను. ఆమె చిక్కుడుకాయలు ఒలుచుచు మగని కేకలనుబట్టియు అత్తగారి నిట్టూర్పులనుబట్టియు ఆటనంతయు వీపుతో వినెడిది. హిమజ గెలిచినకొలది ఆ పీటకు మహిమ హెచ్చెను. పిల్ల రాష్ట్రపుజట్టునకు ఎంపికయైననాడు ఓబులమ్మ పీటకు పసుపుకుంకుమలు పెట్టెను. కోడలి ముఖమునకు ఇరువదియేండ్ల కాపురమున దొరకని మర్యాద కోడలి వీపునకు ఆరేండ్లలో దొరకెను.

హిమజ యీ యేర్పాటును గూర్చి నవ్వెడిది గాని వలదని యెన్నడు ననలేదు. తల్లిని ఆటకు రమ్మనియు ననలేదు. నమ్మకముచేతనో నాయనమ్మపై జాలిచేతనో సుభాషిణి కంతుపట్టలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు. తన్ను చూచినయెడల బిడ్డ మనస్సు బెదరునేమో యన్న శంక యొక్కటే ఆమెను గోడకు కట్టిపడవైచినది.

బిడ్డ పంపిన ప్రవేశపత్రముతో చౌడప్ప క్రీడాకారిణుల బంధువులకై కేటాయించిన పడమటివరుసలలో కూర్చుండెను. మధ్యాహ్నమే యాతడు సుభాషిణిని కూకట్‌పల్లిలో ఆమె చెల్లెలగు అంబుజ యింట దిగవిడిచి ఆటవేళకు ఏ గోడవైపు కూర్చుండవలయునో చూపించి మరీ పోయెను. ఆతడు సందుమలుపు తిరుగుటయే తడవుగా అంబుజ రెండు టికెట్లు తీసి అక్కగారి ముందు పెట్టినది. ఆనవాలు చిక్కకుండ తన చుడీదారు తొడిగించి తలచుట్టును చున్నీ కట్టినది. ఇట్లు పుట్టిననాటినుండి లంగాయో చీరయో తప్ప నెరుగని యా యిల్లాలు అద్దమునందు తన్ను తాను చూచుకొని యీమె యెవరో బాగుగనే యున్నదని తలచి బయలుదేరెను.

ద్వారమునొద్ద సంచులు వెదకు స్త్రీ ఆమె సంచిలోనుండి నిమ్మకాయ నొకదానిని పైకితీసెను.

“ఇది లోపటికి పోదమ్మా. విసిరే సామాన్లు బంద్.”

“నేనేడ విసురుతానమ్మా, దిష్టికని తెచ్చుకుంటి.”

“దిష్టికైనా పచ్చడికైనా బందే.”

నిమ్మకాయ నీళ్ళసీసాలును పౌడరుడబ్బాలును గల తొట్టిలోనికి పోయెను. సుభాషిణి దానివైపు వెనుదిరిగి చూచుచునే లోనికి నడచెను.

అక్కచెల్లెండ్ర యాసనములు ఉత్తరపు గోలునకు సరిగా వెనుక నుండెను. వారి ప్రక్కన ఎఱ్ఱని శాలువ కప్పుకొని చేత జపమాల త్రిప్పుచు నొక పరదేశపు స్త్రీ కూర్చుండియుండెను. ప్రత్యర్థులది హిమవత్సానువులయందలి పొరుగుదేశము. ఆమె తెలియక ఈ పక్షమువారి వరుసలలో టికెట్టు కొనినట్లు తోచెను. భాష తెలియనందున ఆమె ప్రత్యర్థులలో తొమ్మిదవ సంఖ్య చొక్కా తొడిగిన పిల్లను వ్రేలితో చూపి పిదప తన కడుపును చూపెను. బంధుత్వము చెప్పుటకు అంతకంటె స్పష్టమైన వ్యాకరణము లేదు. సుభాషిణి యిటునటు చూచి ఎవరును వినుట లేదని నిశ్చయించుకొని వినుట కేమియు లేదన్నమాట మరచి దూరమునందలి గోలునెదుట పసుపుపచ్చని చొక్కాతో నిలిచిన పిల్లను చూపి తన కడుపుపై చేయివైచుకొనెను. ఆ స్త్రీ నవ్వి సంచిలోనుండి వేచిన మొక్కజొన్నగింజలు తీసి పెట్టెను. యుద్ధమునకు ముందు శత్రుశిబిరముల నడుమ ఇట్టి సంధి జరుగుట పురాణములయందును అరుదు.

ఆట మొదలయ్యెను. మొదటి సగమున హిమజ ఆవలికొనయందుండుటచే తల్లికి చిన్న వత్తివెలుగువలె మాత్రమే కనబడుచుండెను. అయినను సుభాషిణి చూచెను. గోలు కాయుట యనగా ద్వారపాలకునివలె నిలుచుండుట యని వీపుతో విన్న యాటనుబట్టి ఆమె యూహించుకొనియుండెను. బిడ్డ నిలుచుండనే లేదు. ముందుకు వచ్చుచు వెనుకకు పోవుచు తనకంటె పెద్దలైన యాటకత్తెలకు సైతము చేతులూపి కేకలువైచి ఆజ్ఞలిచ్చుచుండెను. ఇంట ఉప్పుగిన్నె యందుకొమ్మన్నను వినబడనట్లుండు పిల్ల ఇక్కడ పదిమందిచేత పనిచేయించుచున్నదని తల్లి విస్తుపోయెను. భయమున్నచోటనే కొంత గర్వమును వచ్చి చోటుచేసికొని కూర్చుండెను.

రెండవ సగమున జట్లు కొనలు మారగా హిమజ నడచి నడచి తల్లికి పిలుపుదూరమున నున్న గోలునొద్దకు వచ్చి నిలిచెను. ఆమె ముఖము మైదానమువైపు. తల్లికి కనబడునది ఆమె వీపును గట్టిగా అల్లిన జడయు మాత్రమే. ఆరేండ్లు తన వీపును లోకమునకు చూపిన తల్లి నేడు బిడ్డవీపును కన్నులార చూచుచుండెను. హిమజ కుడివైపు దుమికి యొకబంతిని వ్రేళ్ళకొనలతో తప్పించెను. గాలిలోనికి లేచి మరియొకదానిని గుండెలకు హత్తుకొనెను. ఆడువారి యాటలో ఏమియుండునని మొదట పెదవివిరిచిన యువకులే హిమజా హిమజా యని లయబద్ధముగా కేకలిడసాగిరి. అంబుజ వారితో గొంతుకలిపెను. సుభాషిణి పెదవులు కదలెను గాని శబ్దము రాలేదు. ఒకప్పుడు పైలమన్న గొంతు అది.

ఇరుపక్షములకును గోలు లేక ఆట ముగియనున్న తరుణమున స్వదేశపు పిల్ల యొకతె తత్తరపాటున ప్రత్యర్థిని కాలడ్డి పడవైచెను. ఈల మ్రోగెను. పెనాల్టీ. గోలునకెదుట గుర్తుపై బంతి నుంచుటకు వచ్చినది తొమ్మిదవ సంఖ్య పిల్ల. ఇక నామెకును హిమజకును నడుమ ఎవ్వరును అడ్డము లేరు. 

అంబుజ అక్కచేయి పట్టుకొని “చూడుక్కా, దీనికోసరమే గదా వస్తివి” అనెను.

సుభాషిణి చూడవలెననియే తలచెను. ఆమె కన్నులును ఒప్పుకొనెను. కాని కాళ్ళు లేచి నిలిచెను. బిడ్డకు ఆరేండ్లుగా తాను చేసిన సాయ మొక్కటే. చూడకుండుట. ఇంతకు మించిన యాపద యిక రాబోదనియు ఈ యొక్క క్షణమున ఆ సాయము మానినచో తల్లినే కాననియు నెవరో చెవిలో చెప్పినట్లయ్యెను. ఆ గొంతు ఓబులమ్మదో తనదో విమర్శించుటకు వ్యవధి లేదు. ఆమె గిఱుక్కున వెనుదిరిగెను.

వెనుదిరిగి చూచునప్పటికి ఎఱ్ఱశాలువ స్త్రీయు మైదానమునకు వీపుచేసి నిలిచియుండెను. ఏ కొండయూరిలో ఏ యత్తగారు ఆమెకు పీట వేసెనో యెవరికి తెలియును. ఒకరిది బంతి పడవలయునని మ్రొక్కు. ఒకరిది పడరాదని మ్రొక్కు. రెండు మ్రొక్కులును ఒక్కగాలిలోనే మింటికెగసినచో దేవతలు మాత్ర మేమి చేయుదురు. ఆ తల్లు లిరువురును ఒండొరుల ముఖములు చూచుకొనుచు నిలిచిరి.

అంతలో జనులు నవ్విరి. తమకెదుట నున్న వేలకొలది కన్నులు తమ తలలమీదుగా దూరమునందలి దేనినో చూచి నవ్వుచుండుట సుభాషిణి గమనించెను.

“అక్కా, ఆ పెద్దతెర మింద నువ్వే.”

ఆవలికొనయందు మేడయంత తెరపై వేడుక కొరకు చూపబడుచున్నవి రెండు వీపులు. వానిలో నొకదాని యెడమచేయి నడుమునొద్ద ఏదియో వెదకుచుండెను. చుడీదారు తొడిగినను చున్నీ చుట్టినను తొట్రుపడినపుడు కొంగుకొన నందుకొని బిగించు చేయి అది. లేని కొంగునకై తడవులాడుచున్నది. ఆ తెరకు సరిగా ఎదుట గోలునందు నిలిచియున్న పిల్ల కా చేయి తెలియనిదికాదు. తల్లీబిడ్డలు ఆ క్షణమున వీపును వీపును ఎదురుగా నుండిరి.

ఈల మ్రోగెను. సుభాషిణి బంతిని చూడలేదు. ముఖములను చూచెను. తెరచుకొనిన నోళ్ళన్నియు నట్లే నిలిచి పిమ్మట ఒక్కొక్కటిగా మూసికొనెను. గోలు పడినది వలలో గాదు. ఆ ముఖములలో పడినది. ఎఱ్ఱశాలువ స్త్రీయు ఆ ముఖములనే చదివి అదే వార్తను తనవైపునుండి తెలిసికొని గంతువేయబోయి సుభాషిణిని చూచి ఆగెను. నవ్వుటయో యేడ్చుటయో తెలియక జపమాలతోనే యామె చేయి పట్టుకొనెను.

ఆట ముగిసినపిదప ఓడినవారును గెలిచినవారును మైదానముచుట్టును నడచి ప్రేక్షకులకు చప్పట్లతో వందనము చేయుట యా యాటయందలి మర్యాద. స్వదేశపు పిల్లలు తలలు వ్రేలవైచుకొని వచ్చుచుండిరి. వారిలోనుండి పసుపుపచ్చని చొక్కా విడివడి ఉత్తరపు కంచెనొద్దకు తిన్నగా వచ్చెను. అంబుజ అక్కను మెట్లుదింపి కంచెకడకు త్రోసెను. హిమజ మోకాళ్ళకు పచ్చిక యంటియుండెను. కన్నులు పొడిగా నుండెను. అది తల్లికి మరింత భయము కలిగించెను.

“నాయనకు తెలుసునా నువ్వు వచ్చిండేది?”

“తెలీదు. ఎవురికీ తెలీకూడదని వస్తి. నువ్వు చూస్తే బెదురుతావని…”

“బెదర్లేదుమ్మా. తెరమింద నీ చెయ్యి చూస్తానే, మాయమ్మ వచ్చింది ఇంగ నాకేమని అనుకుంటి. మళ్ళ చూస్తే నువ్వు తిరుక్కోనుండావు.”

సుభాషిణి కంచెతీగ నడుమనుండి చేయిచాచి బిడ్డ చేతితొడుగును పట్టుకొనెను.

“కన్నతల్లే చూడలేని బంతిని నేనెట్ల ఆపల్ల?” అని హిమజ నెమ్మదిగా అడిగెను. ఆ గొంతున కోపము లేదు. కోపమున్నచో సమాధానము చెప్పవచ్చును.

తల్లి తొడుగును విడువకయే “ఎల్లుండి ఇంగో ఆట ఉండాది గదా. వస్తా” అనెను.

“నన్ను పెడ్తారో పెట్టరో.”

“బెంచీమింద కూర్చోబెట్నా సరే. నువ్వు కూర్చోనుండేదే చూస్తా.”

హిమజ నవ్వలేదు. అట్లని చేతితొడుగు లాగికొననును లేదు. తోడి పిల్లలు పిలువగా తానే తొడుగును విడిచి తల్లిచేతిలోనే వదలి పోయెను.

అంతలో సంచిలో ఫోను మ్రోగెను. చౌడప్ప. మరదలి యింట గోడ నెదుర్కొని యున్నదని తాను తలచుచున్న భార్యను ఆతడు దుఃఖమునకంటె ముందుగా విచారింప నుపక్రమించెను.

“నిజం చెప్పు. ఆ పెనాల్టీ పొద్దు తిరిగి చూస్తివా ఏమి?”

“లేదు. చూళ్ళేదు. చూసింటే బాగుండు.”

ఆవలినుండి కొంతసేపు సందడి మాత్రము వినబడెను. ఓటమిచే మందగించి కదలిపోవుచున్న ఆ సందడి ఫోనునందును చుట్టుప్రక్కలను ఒక్కతీరుగనే యుండుట ఆతనికిని తోచియుండవచ్చును.

“యాడుండావు నువ్వు?”

“గోలు ఎనకాల.”

 ధర్మవరమున ఓబులమ్మయు టీవీలో ఆ వీపును చూచియే యుండును. కోడలి వీపును ఆమెకంటె బాగుగ నెరిగినవారు లేరు. ఇక ఇంట నేమి జరుగునో సుభాషిణికి తెలియును. ఎల్లుండి బిడ్డ ఆడునో ఆడదో తెలియదు. ప్రేమ పెక్కుసారులు కన్నులు మూసికొని తాను కాపాడుచున్నాననుకొనును. కాచువారికి కన్నులు తెరచియుంచుటయే మొదటి పనియని గోలునందు నిలుచు పిల్లలకు తెలిసినంతగా వారి తల్లులకు తెలియకుండుట వింత.

అంబుజ పోదమని రెండుసారులు పిలిచెను. వరుసలు ఖాళీయైనవి. దీపస్తంభము లొక్కొక్కటిగ నారుచుండెను. సుభాషిణి మాత్రము తడిసిన చేతితొడుగును రెండుచేతుల పట్టుకొని ఎవ్వరును లేని గోలువైపునకు ముఖముచేసి నిలిచియుండెను. చివరి దీప మారువరకు ఆమె ఱెప్పవేయలేదు.