చుక్క మేత

ఛత్తీస్‌గఢ్‌లోని కోహ్కాలో వరలక్ష్మమ్మ ఇంటికి ఏటా కోతలవగానే బిసాహు ట్రాక్టరు నిండా గడ్డి తెచ్చి దించుతాడు. పోతూ పోతూ పెరట్లోని పేడ ఎరువు వేసుకెళతాడు. ఆ ఊరి రైతుకీ, శ్రీకాకుళం నుంచొచ్చిన ఈ ఆడమనిషికీ మధ్య బేరమన్న మాటే లేకుండా ఇన్నేళ్ళూ సాగిందది. ఆవిడ ఆవు చుక్క ఆ గడ్డి తినే పెరిగింది.

ఈ ఏడు గడ్డి రాలేదు. అడ్డం పడింది పరాయివాడు కాదు, కడుపున పుట్టిన మనోజ్‌కుమార్. గడ్డిని గుళికలుగా నొక్కి, బాయిలర్లలో బొగ్గుకు బదులుగా అమ్మే మిల్లులో అతనికి కొత్తగా ఉద్యోగమొచ్చింది. ఊళ్ళు తిరిగి గడ్డి కొనడమే పని. తెలిసినవాడు కదాని మొదట బిసాహు పొలానికే గడ్డి చుట్టే మెషీను పంపి కొన్నాడు. కొడుక్కి కొలువు దొరికిందని టౌన్‌షిప్‌లోని సెక్టర్ 7 దాకా వెళ్ళి మిఠాయి పంచొచ్చిన తల్లికి ఈ సంగతి అప్పుడు తెలీదు పాపం.

"డెన్మార్కులో గడ్డి కాల్చి ఊళ్ళకు ఊళ్ళే వెచ్చగా ఉంచుతారమ్మా, చూడు," అని ఫోన్లో వీడియో చూపించాడు.

"బాగుంది నాయనా. మరి ఆ దేశంలో ఆవులు ఏటి తింటాయిరా?"

మర్నాడు మనోజ్ సంచీడు గుళికలు తెచ్చి చుక్క ముందు పోశాడు. అది వాసన చూసి, మొహం తిప్పుకుని వరలక్ష్మమ్మ వైపు చూసింది. ఆవిడ మనసు చివుక్కుమంది. చుట్టుపక్కల గడ్డంతా మిల్లుకే పోతుంటే కొందామన్నా దొరకదు. ఇక చుక్కను ఎవరికైనా ఇచ్చేయాల్సిందేనని అనుకుంది. అనుకుని ఏడ్చింది.

ఆదివారం బిసాహు ఖాళీ ట్రాక్టరుతో ఎరువుకి వచ్చాడు. మొహం చెల్లక తల దించుకుని నిలబడ్డాడు. కడిగిపారేస్తుందనుకున్నాడు గానీ, ఆవిడ పార అందించింది.

"లే జావో భయ్యా. యహీ ఆఖరీ హై. గాయ్ కో దే దేంగే," అంది, ఆవునే ఇచ్చేస్తున్నాం, ఇదే ఆఖరి ఎరువని.

పార ఆగిపోయింది. ఆవు పోతే ఎరువూ పోతుందన్న సంగతి అతనికి అప్పుడే తట్టింది.

"ఫిర్ ఖాద్ కహాఁ సే ఆయేగా, దీదీ?" అన్నాడు, మరి ఎరువెక్కడి నుంచొస్తుందని.

"నాకేటి తెల్సు! ఆ ఆఫీసరు బాబునడుగు," అంది తెలుగులోనే, కొడుకు వైపు చెయ్యి చూపించి.

బిసాహు పొలంలో చెరువు పక్క మడులు ఇంకా మిగిలున్నాయి. రేపు వాటికి మెషీను పంపేది మనోజే. ఫోన్ తీసి, ఆ మడుల జోలికి పోవద్దని మెషీనువాడికి చెప్పాడు.

రెండ్రోజుల్లో పెరట్లో గడ్డి దిగింది. చుక్క తలెత్తకుండా నములుతుంటే మనోజ్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అక్కడ కూడా ముందు ఆవులకి ఉంచుకుని, మిగిలిందే కాలుస్తారంటమ్మా. వీడియో చివరిదాకా చూడలేదు నేను."

"ఆ చివర ముక్క మీ మిల్లోళ్ళకి చూపించు నాయనా," అని వరలక్ష్మమ్మ చుక్క గంగడోలు నిమిరింది.