మూత తీసిన చేతులు

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ ఇంట్లో గొడవ పదకేళి మీద మొదలైంది. మామగారు పొద్దుటినుంచీ కుస్తీ పట్టి ముప్పాతిక వంతు నింపిన పేపరు మీద, పళ్లెమంత గుండ్రటి తడి మరక పడింది. సిరా పాకి అడ్డం ఏడూ నిలువు నాలుగూ కలిసిపోయి ఒకటే నీలి మచ్చయ్యాయి. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషాయన. పక్కింటివాళ్ల శుభలేఖలో అచ్చుతప్పు కనబడినా ఆ పూట ఆయనకు అన్నం సయించదు. అలాంటిది సొంత గళ్లే అలికినట్టయితే ఊరుకుంటారా?

అసలు పేపరు తెచ్చి వంటింటి గట్టు మీద ఎవరు పెట్టమన్నారని అత్తగారు ఎదురు ప్రశ్న వేసింది. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయింది. ఎదుటివాళ్ల ప్రశ్నకు ప్రశ్నే జవాబుగా ఇవ్వడం తరగతి గదిలో అలవాటైన విద్య. హాల్లో కుర్చీ ఉంది, కుర్చీ పక్కన బల్ల ఉంది, బల్ల మీద దీపం ఉంది, ఇన్ని ఉండగా పదాలు వెతుక్కోవడానికి వంటిల్లే దొరికిందా అని ఆవిడ వాదన. వంటింట్లో వెచ్చగా ఉందని ఆయన సమర్థించుకున్నారు.

కోడలు అప్పుడే కాగితపు కప్పుల కట్ట చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గొడవలో ఆమెకు తప్పొప్పులేవీ వినబడలేదు. కళ్లు మాత్రం ఆ మరక చుట్టూ ఒకసారి తిరిగాయి. అది గిన్నె అడుగు కాదు, ప్లేటు అంచు కాదు. ఆ కొలత ఆమెకు బాగా తెలుసు.

"స్లో కుక్కర్ మూత ఎవరు తీశారు?" అని అడిగింది.

మామగారు పేపరు మడిచారు. అత్తగారికి ఉన్నట్టుండి కిటికీ తెర సర్దాలనిపించింది.

కరెంటు మీద సన్నసెగన గంటలకొద్దీ ఉడికించే ఆ కుక్కర్లో ఉన్నది యాపిల్ సైడర్. యాపిళ్లను మసాలా దినుసులతో మగ్గనిచ్చి, మెదిపి, వడగట్టి తాగే వేడి పానీయం. పొద్దున పదింటికి కోడలు పన్నెండు యాపిళ్లు తొక్కతోనే నాలుగేసి ముక్కలు చేసింది. రెండు నారింజలు తొక్క ఒలిచి వేసింది. దాల్చినచెక్క మూడు ముక్కలు, లవంగాలు ఎనిమిది, జాజికాయ పొడి చిటికెడు, బొటనవేలంత అల్లం. ఆమె కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి పదమూడేళ్లయినా కొలతల దగ్గర చెయ్యి జారదు. ముక్కలు మునిగేదాకా నీళ్లు పోసి, మీట తక్కువ సెగకు, 'లో' మీద పెట్టి, ఆరింటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని అత్తకూ మామకూ భర్తకూ విడివిడిగా చెప్పింది. మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడి పోయి ఇంకో అరగంట వెనక్కి వెళ్తుందని కూడా చెప్పింది. ముగ్గురూ తలలూపారు.

తలలూపడంలో ఆ ఇంటివాళ్లను మించినవాళ్లు లేరు. ఒకరు అచ్చుతప్పులు దిద్దిన మనిషి, ఒకరు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి, ఆ ఇద్దరి కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొయ్యి మీద ఏదుంటే అది దిద్దకుండా ఎవరూ దాని పక్కనుంచి నడిచి వెళ్లలేరు. ఒకరు ఉప్పు, ఒకరు కారం, ఒకరు మంట. ఎనిమిదేళ్ల కాపురంలో కోడలు వండిన కూర ఆమె వండినట్టుగా బల్ల దాకా వచ్చిన రోజు లేదు. చుట్టాలెవరైనా బావుందంటే ఎవరిని మెచ్చుకున్నట్టో కూడా తేలేది కాదు. మామూలు రోజుల్లో ఆమె నవ్వి ఊరుకునేది.

ఇవాళ మామూలు రోజు కాదు. వీధి చివర లైబ్రరీలో మెట్ల కింద చిన్న కౌంటర్ ఒకటి ఖాళీ అయింది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా చదువుకోవడానికి వచ్చేవాళ్లకు వేడిగా ఏదైనా ఇవ్వాలి. పుస్తకాల మధ్య మంట పెట్టకూడదు కాబట్టి గ్యాసు పొయ్యి కుదరదు. కరెంటుతో నడిచే స్లో కుక్కర్ సంగతి కోడలు చెప్పగానే లైబ్రేరియన్ మేడమ్‌కు నచ్చింది. అయితే బేకరీ ఆయన కూడా పెద్ద కాఫీ యంత్రంతో సిద్ధంగా ఉన్నాడట. ఆదివారం రాత్రి భోజనానికొచ్చి రుచి చూస్తాను, సోమవారం పొద్దున కమిటీకి పేరు చెప్పేస్తాను అంది మేడమ్. పెళ్లయ్యాక కోడలు తనకంటూ కావాలనుకున్నది అదొక్కటే. అంతగా కావాలనుకుంటున్నట్టు ఇంట్లో పైకి చెప్పుకోలేదు. కౌంటర్ మాట విన్న భర్త మాత్రం సాయంత్రాలు ఇల్లెలా గడుస్తుందని రెండుసార్లు గొణిగాడు.

ఆమె కుక్కర్ దగ్గరికి వెళ్లింది. మీట 'హై' మీద ఉంది. గరిటెతో కాస్త తీసి నోట్లో వేసుకుంది. ముందు తీపి కొట్టింది, తర్వాత నాలుక మొద్దుబారింది. స్విచ్ ఆపి, ముక్కలు మెదిపి, పలచటి బట్టలో వడగట్టి, బట్టలో మిగిలిన పిప్పి పళ్లెంలో పరిచి లవంగాలు ఏరడం మొదలుపెట్టింది. ముగ్గురూ చుట్టూ చేరి చూస్తున్నారు. ఎనిమిది దాటాయి. పదిహేను దాటాయి. ఇరవై మూడు దగ్గర ఆగాయి.

"వాసన రావట్లేదని నాలుగు వేశానమ్మాయ్," అంది అత్తగారు.

"పదిహేను ఎక్కువున్నాయి అత్తయ్యా."

"చెయ్యి తిరిగిన మనిషిని. లెక్కపెట్టి వేస్తానా ఏంటి?"

లెక్కల టీచరు నోట ఆ మాట విని మామగారు నవ్వబోయి, కోడలి మొహం చూసి ఆపుకున్నారు. ఆ తర్వాత తన వంతు ఒప్పుకున్నారు. పంచదార నాలుగు చెంచాలు, అవీ పెద్దవి. పేపరు మీద మూత పెట్టింది కూడా తనేనని చెప్పలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. మీట తిప్పింది భర్త. సాయంత్రానికి కాదేమోనని భయమేసి మధ్యాహ్నమే తిప్పేశాడట. ముగ్గురూ ఎవరికి వారు సాయం చేస్తున్నామనే అనుకున్నారు.

మామగారు ఒక చుక్క రుచి చూసి, "పంటి డాక్టరు సూది వేసినట్టుందమ్మా," అన్నారు.

ఇంట్లో మిగిలినవి మూడు యాపిళ్లు. మేడమ్ ఏడింటికి వస్తుంది. మళ్లీ మొదలుపెట్టడానికి టైము లేదు. ముగ్గుర్నీ హాల్లోకి పంపేసి తలుపు దగ్గరికి వేసుకుంది. నాలుక మొద్దు వదలడానికి గ్లాసులో వేడినీళ్లు పోసుకుంది. గరిటెలో మిగిలిన సైడర్ పారబొయ్యబుద్ధి కాక అందులోనే ఒంపి తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. యాపిల్ వెనకనుంచి మెల్లిగా ముందుకు వచ్చి నిలబడింది. లవంగం చివర్లో పలకరించి పోయింది. పెన్సిలు తీసుకుని కాగితం మీద సైడర్ ఒకటికి వేడినీళ్లు ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి మూడు అని రాసుకుని, ప్రతిదీ కలిపి తాగి చూసింది. చెడిపోయిందనుకున్నది చెడిపోలేదు, చిక్కగా ఉంది, అంతే.

ఏడింటికి మేడమ్ వచ్చింది. భోజనాలయ్యాక కోడలు బల్ల మధ్యలో కుక్కర్, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు, ఒక గరిటె, కాగితపు కప్పులు పెట్టింది. ఎవరిది వాళ్లే కలుపుకోవాలంది. ఇక చూడాలి ఆ సందడి. మామగారు సగం సగం కలిపి, తాగి, ఇంకో అర గరిటె దిద్దుకున్నారు. అత్తగారు నీళ్లు తగలనివ్వకుండా తాగి, కళ్లమ్మట నీళ్లొచ్చినా బావుందనే అంది. భర్త మూడుసార్లు మార్చి మార్చి కలిపి, ఆఖరికి మొదటిదే నయమని తేల్చాడు. జీవితంలో మొదటిసారి ఆ ముగ్గురూ పక్కవాడి కప్పు జోలికి పోలేదు.

మేడమ్ ఒకటికి రెండు కలుపుకుని నెమ్మదిగా తాగింది. ఇదివరకు కౌంటర్ నడిపినాయనకు రోజూ ఫిర్యాదులేనని చెప్పింది. పలచన అని ఒకరు, తీపి అని ఒకరు, ఘాటని ఒకరు. ఫిర్యాదుల పుస్తకం నిండిపోయి రెండోది కుట్టించాల్సి వచ్చిందట. కప్పు బల్ల మీద పెట్టి అంది.

"ఎవరిది వాళ్లే కలుపుకుంటే ఇంక ఎవరి మీద ఫిర్యాదు చేస్తారమ్మా? రేపు కమిటీకి నీ పేరు చెప్తున్నాను. ఎల్లుండి నుంచి రాగలవా?"

అందరూ కోడలి వైపు చూశారు. భర్త ఏదో అనబోయి కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రాలు ఇల్లెలా అన్న మాట ఆ కప్పు వెనకాల ఉందని ఆమెకు తెలుసు. జవాబు ఆమె దగ్గర మధ్యాహ్నం లేదు. లవంగాలు ఏరుతూ, ఈ ముగ్గురి చేతులూ వంటకు దూరంగా ఉండలేవని తేలినప్పుడు దొరికింది.

"వస్తాను మేడమ్," అంది. తర్వాత తనవాళ్ల వైపు తిరిగింది. "ఎల్లుండి నుంచి నాలుగింటికి నేను వెళ్తాను, కుక్కర్ నాతో వస్తుంది. రాత్రి వంట మీ ముగ్గురిదీ. వంతులు వేసుకోండి. ఎవరు వండినా సరే, మిగతా ఇద్దరూ మూత తీయకూడదు."