గీతల రాళ్ళ దారి

మా ఊరి రైలు స్టేషను ముందరి ఆవరణను తవ్వి కొత్తగా కట్టే ముందు మునిసిపాలిటీవాళ్ళు ఊరందరినీ పిలిచి నమూనా చూపించారు. తలా ఒక కాఫీ, ఒకే ఒక్క బిస్కెట్టు. మా అమ్మాయి యోరిండెను వెంటబెట్టుకుని వెళ్ళాను. దానికి పుట్టుకతోనే చూపు లేదు. నాకు కంటిమీద కునుకు లేనిదీ అప్పటినుంచే.

నమూనా గీసిన ఆర్కిటెక్టు యెల్మర్ దాని వేళ్ళు పట్టుకుని అట్టబొమ్మ మీద నడిపించాడు.

"బస్సు దిగిన చోటునుంచి స్టేషను తలుపుదాకా గీతలు చెక్కిన రాళ్ళు పరుస్తాం. నీ చేతికర్ర ఆ గీతలు పట్టుకుని పోతుంది."

"వాటిమీద సైకిళ్ళు పెడితే?" అన్నాను.

"సైకిళ్ళకు కింద నేలమాళిగ ఉందండీ. డబ్బులక్కర్లేదు."

"నువ్వు డచ్చివాడివేనా, నాయనా? ఒక్క నిమిషమే కదా అనుకున్నవాడు కిందికి దిగుతాడా? అక్కడే పడేసి పోతాడు. నా పిల్ల తట్టుకుని బస్సు కింద పడితే?"

అందరూ నవ్వారు. యెల్మర్ నవ్వలేదు. బస్సులకూ ఆ దారికీ నడుమ పొడుగాటి బల్లలు వరసగా వేయించాడు.

ఆవరణ తయారైంది. యోరిండెకు రైల్లో వెళ్ళాల్సిన జ్వొల్లె పట్నంలో, కోర్టులో టైపు చేసే ఉద్యోగం దొరికింది.

"మొదటిరోజు ఒక్కదాన్నే వెళ్తా. వెంటబడ్డావంటే నీతో మాట్లాడను" అంది.

"సరే తల్లీ" అన్నాను. అది బస్సెక్కిందో లేదో, నేను సైకిలెక్కాను.

వానలో అడ్డదారిన పడి తొక్కాను. నేను చేరేసరికే బస్సు మలుపు తిరుగుతోంది. సైకిలు ఆపి, పరుగున వెళ్ళి ఆవరణలో చేపలమ్మే ఆయన బండి వెనక నక్కాను.

యోరిండె దిగింది. కర్రతో గీతలు వెతికి పట్టుకుంది. తల ఎత్తుకుని నడుస్తోంది. అంతలో కర్ర దేనికో ఠంగున తగిలింది. తూలి బస్సులవైపు ఒరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దాని చెయ్యి బల్లను పట్టుకుంది. నిలదొక్కుకుంది.

గీతల మీద అడ్డంగా సైకిలు! ఏ దిక్కుమాలిన మనిషి పెట్టిందో అని తిట్టబోయి ఆగిపోయాను. సీటుకు తొడిగిన పచ్చ ప్లాస్టిక్ సంచి నాదే.

యోరిండె ఆ సంచి తడిమింది. ముందు బుట్టకు నేను చుట్టిన ప్లాస్టిక్ పూలు తడిమింది.

"అమ్మా! ఒక్క నిమిషమే కదా అనుకున్నావా?"

చేపలాయన పగలబడి నవ్వాడు. "పోండమ్మా, దొరికిపోయారు."

తల దించుకుని వెళ్ళాను. "దెబ్బ తగిలిందా తల్లీ?"

"లేదు. నువ్వు గొడవపడి వేయించిన బల్లే కాపాడింది. ఇక దీన్ని కిందికి తీసుకుపో, నా రైలు వస్తోంది."

కర్ర గీతల్లో గరగరమంటుంటే అది తిన్నగా తలుపులోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. నేనూ వెంట వెళ్ళలేదు.

సైకిలు నేలమాళిగలో పెట్టి పైకి వచ్చేసరికి రైలు కదిలిన చప్పుడు వినిపించింది. పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. చేపలబండి దగ్గర ఉల్లిపాయ ముక్కలు చల్లిన హెరింగు చేప ఒకటి కొనుక్కుని, ఆ బల్ల మీదే కూర్చుని తిన్నాను.