ఎనిమిది మూళ్లు

తెల్లారేసరికి గురుసిద్దవ్వ ఇరవై నాలుగు జొన్నరొట్టెలు చేసేది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నించీ అంతే, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. చేసి, బుట్టని గొంగడి మీద బోర్లించేది. రొట్టెలు వాటంతటవే జరిగి కుప్పలయ్యేవి. ఆ రోజు ఇంట్లో ఎంతమంది తింటారో అన్ని కుప్పలు, అన్నీ సమానం. సమానంగా రానివి పక్కన మిగిలేవి. అవి కుక్కకి.

కొడుకులిద్దరు సంతకి పోయిన రోజు నాలుగు కుప్పలు పడేవి, కుప్పకి ఆరు. అందరూ ఉంటే ఆరు కుప్పలు, కుప్పకి నాలుగు. మనవరాలు లగమవ్వ ఎక్కాలు నేర్చుకున్నది ఆ గొంగడి మీదే. "జనం ఎక్కువైతే కుప్ప చిన్నదైతుంది" అని ఆ పిల్లే కనిపెట్టి, ఊరంతా చెప్పుకు తిరిగింది.

గురుసిద్దవ్వ మొగుడు ముసలాయన బతికున్నప్పుడు ఇంట్లో ఏడుగురు. కుప్పకి మూడు, కుక్కకి మూడు. పోయిన విత్తనాల కాలంలో ఒక పొద్దున ఆరే కుప్పలు పడ్డాయి. "నా వాటా కుక్కకేసినావా ఏమే?" అని ముసలాయన పెళ్లాన్ని ఎగతాళి చేసి చేనికి పోయాడు. గట్టు తగాదాలో పక్కచేని శరణప్ప అతన్ని గొడ్డలితో నరికాడు. మధ్యాహ్నానికి ఎద్దులబండిలో తెచ్చి వాకిట్లో దించితే తల ఒక పక్కకి వేలాడుతోంది. శరణప్ప జైలుకి పోయి, కోతల ముందు జామీను మీద బయటికొచ్చాడు.

వాడొచ్చాడని తెలిసిన మర్నాడు బుట్ట బోర్లిస్తే ఎనిమిది కుప్పలు పడ్డాయి.

"మూడేనా!" అన్నాడు నడిపివాడు కల్లప్ప. "ఎవడమ్మా మన నోటికాడిది తినిపోయేది?"

పెద్దవాడు బీరప్ప కుప్పలు రెండుసార్లు లెక్కపెట్టి పకపకా నవ్వాడు. "పిచ్చోడా, ఎక్కువ పడ్డాయి, తక్కువ కాదు. మన ముగ్గురం తిరిగొచ్చి తింటాం. లేవండి."

గొడ్డళ్లు గొంగళ్లలో చుట్టుకున్నారు. బీరప్ప పెళ్లాం నీలవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆ ఇద్దరెవరో తేలనీయవయ్యా. తేలినాక పో."

"మీ పుట్టింటోళ్లే అయ్యుంటారు. ఇంకెవరొస్తారు తేరగా తినడానికి?" అని ఆమెని పక్కకి తోశాడు. గురుసిద్దవ్వ కొడుకుల్ని ఆపలేదు. పొయ్యిలో బూడిద తోడుతూ కూర్చుంది.

శరణప్ప నది ఒడ్డున మోటారు పెట్టి చెరకుకి నీళ్లు కడుతున్నాడు. కల్లప్ప వెనకనుంచి కొట్టిన మొదటి దెబ్బకి కుడిచెయ్యి భుజం దగ్గర తెగి వేలాడింది. దాన్ని ఎడంచేత్తో పట్టుకుని జొన్నచేలోకి పరిగెత్తాడు. బీరప్ప వెంటపడి నడుం మీద ఒకటి, మెడ మీద ఒకటి వేశాడు. శరణప్ప బోర్లా పడి, నోటినిండా మట్టితో, ఎవరినో పిలవబోయి ఆగిపోయాడు.

అప్పుడే అతని పెళ్లాం కాశీబాయి అన్నం మూట పట్టుకుని, పసివాడైన కొడుకుని వెంటబెట్టుకుని గట్టెక్కింది. చూసింది. బీరప్ప పిల్లవాడి వైపు తిరిగాడు. "వీణ్ణి వదిలితే పదేళ్లకి నా పీక కోస్తాడు" అని అడుగు ముందుకేశాడు. కాశీబాయి గట్టు మీదున్న కొడవలి అందుకుని, అడ్డమొచ్చిన బీరప్ప చిన్నతమ్ముడి చెంప నోటిదాకా చీల్చింది. వాడు మొహం పట్టుకుని కూలబడ్డాడు. అన్నలు వాడి మీదికి వంగేలోపు ఆమె పిల్లవాణ్ణి చంకనేసుకుని జొన్నల్లో పడింది. ఎటు పోతుందో ఆమెకే తెలీదు. చేను దాటి బయటపడిన చోటు నీలవ్వ పెరడు.

నీలవ్వ ఆ నెత్తుటి చీరనీ, పిల్లవాణ్ణీ చూసింది.

"లోపలికి రా" అంది. "మీ భాగం పడే ఉంది."

గురుసిద్దవ్వ శత్రువు పెళ్లాన్ని గుర్తుపట్టి రోకలి ఎత్తింది. ఆ వెనకే కొడుకులొచ్చారు. చిన్నవాడి దవడకి తువ్వాలు కట్టి ఉంది, అది తడిసి కారుతోంది. బీరప్ప పిల్లవాడి జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. కాశీబాయి అతని చెయ్యి కరిచి పట్టుకుంది. కల్లప్ప ఆమెని వీపు మీద తన్నాడు, అయినా విడవలేదు.

"ఎనిమిది పడ్డాయి!" నీలవ్వ గొడ్డలి కర్రకి వేలాడింది. "చూడు, ఎనిమిది!"

"ఎనిమిదా? ఉండు, ఆరు చేస్తా."

బీరప్ప పిల్లవాణ్ణి వదిలి, కాశీబాయి నోట్లోంచి చెయ్యి లాక్కుని, గొడ్డలి కింద పడేసి గొంగడి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రెండు కుప్పలు చెదరగొట్టి, ఆ ఆరు రొట్టెల్నీ మిగతా ఆరు కుప్పల మీద ఒక్కొక్కటి వేశాడు. నాలుగేసి అయ్యాయి. చెయ్యి తియ్యగానే పైనున్న రొట్టె ఒక్కొక్కటే జారి వెనక్కి పోయింది. మళ్లీ మూడేసి, మళ్లీ ఎనిమిది. అతను మళ్లీ వేశాడు. మళ్లీ జారాయి. మూడోసారి రొట్టెల నిండా అతని చేతి నెత్తురే, కుప్పలు మాత్రం ఎనిమిది.

గురుసిద్దవ్వ రోకలి గోడకి ఆనించింది. పల్లీపొడి డబ్బా తీసి ఒక్కో కుప్ప మీద కాస్త కాస్త వేసింది, ఎనిమిదింటి మీదా. "చేతులు కడుక్కోండిరా" అంది.

అన్నదమ్ములు తలలు దించుకుని తిన్నారు. చిన్నవాడు ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, నోటి ఒక పక్కనుంచి మింగాడు. వాళ్ల చేతులు ఆరకముందే పోలీసు జీపు వచ్చింది. బీరప్ప గొడ్డలి తనే తెచ్చిచ్చాడు.

ముగ్గురినీ ఎక్కించుకుని జీపు పోయింది. పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే లగమవ్వ పక్కన కూర్చుని తన మూడూ తినేశాడు. కాశీబాయి మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది.

"తిను" అంది గురుసిద్దవ్వ.

కుప్పని ఆమె పక్కకి జరిపింది.

"నీ మొగుడు నా మొగుణ్ణి నరికిన రోజు నాకు నాలుగు పడ్డాయి. శవం వాకిట్లో ఉంది. నాలుగూ తిన్నాను."

కాశీబాయి ఇటు తిరిగింది. రొట్టె తుంచింది కానీ నోట్లో పెట్టుకోలేకపోయింది.

"ఎట్లా మింగినావు పెద్దమ్మా?"

"నీళ్లతో" అంది గురుసిద్దవ్వ. చెంబు ఆమె ముందుకి జరిపింది.