నూనె కాదు

“మన ల్యాబే కదా స్తుతీ, నీకు జీతమేంది?” అన్నాడు మా బావ హెన్రీ. బావంటే నా మొగుడు యేసుప్రసాద్‌కు అన్న, చర్చి సంఘంలో పెద్ద. ఎర్రగుంట్లలో లోహాలు పరీక్షించే ల్యాబ్ ఆయనది. మెటలర్జీ డిప్లొమా మాత్రం నాది. పొద్దున్నే అందరికీ వండిపెట్టి ఆ ల్యాబ్ గదిలోకి పోతాను. టైటానియం ముక్కను అద్దంలా మెరిసేదాకా అరగదీసి, దూదితో యాసిడ్ అద్ది కడుగుతాను. అప్పుడు మైక్రోస్కోపులో లోహం లోపలి అల్లిక కనబడుతుంది. ఆ పని నాకు ఇష్టం. నీళ్ళు తెమ్మని, టీ పెట్టమని నన్నెవరూ పిలవని గది అదొక్కటే.

ఆ యాసిడ్ దొంగది. వెంటనే మండదు, చర్మం దాటి ఎముకలోకి దిగుతుంది. మందపాటి గ్లవుజులు, పూసుకునే కాల్షియం మందు తెప్పించమని అడిగి అడిగి నోరు నొచ్చింది. “చూస్తాంలేమ్మా” అనేవాడు బావ. ఆ రోజు పలచటి గ్లవుజుకు చిల్లి పడింది, నేను చూసుకోలేదు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే చూపుడువేలు లోపల్నుంచి కాలడం మొదలైంది. కేక పెట్టాను.

“మొగోళ్ళు అన్నం తినేటప్పుడు ఏం అరుపులే అవి?” అంది మా అత్త జీవమ్మ.

కడప ఆసుపత్రికి పోతూ కారులోనే బావ నాకు మాట నేర్పాడు. “నూనె చిందిందని చెప్పు. యాసిడ్ అంటే ల్యాబ్ మూయిస్తారు.”

“ఆడదాని చేతి మీద నూనె గాక ఇంకేం పడ్తాది? నమ్ముతార్లే అన్నా,” అన్నాడు నా మొగుడు.

నా ఏడుపు ఆగిపోయింది. నిజమే, నమ్ముతారు. ఆడది కాలిందంటే రెండో ప్రశ్న ఎవరడుగుతారు? పక్కన కూర్చున్న మనిషి మీద నాకు అసహ్యం వేసింది.

డాక్టరమ్మ వేలు తిప్పి చూసింది. “బొబ్బ కూడా లేదే. ఏం పడింది?”

“నూనె మేడం,” అన్నాడు నా మొగుడు. ఆమె ఆయింట్‌మెంట్ రాయమని నర్సుకు చెబుతోంది. ఊరుకుంటే వేలు పోతుంది. నోరు తెరిస్తే ఆ ఇంట్లో నాకు చోటు ఉండదు.

“నూనె కాదు మేడం. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. కాల్షియం మందు పెట్టల్ల.”

ఆమె చటుక్కున తలెత్తింది. “యాసిడా? ఎవరి దగ్గర పని చేస్తున్నావమ్మా?”

బావ మెల్లగా తలుపుకాడికి జరిగాడు. బావను పేరు పెట్టి అనకూడదని పెళ్ళినాడే అత్త చెప్పింది.

“హెన్రీ దగ్గర,” అన్నాను. “అదో, ఆ తలుపుకాడ నిలబడినాడే, వాడే.”