ఆకాశానికి మాసిక

ఆరింటికి నాటకం. అయిదుంబావుకి, దీపాలు సర్దేవాళ్ల నిచ్చెన జారి వెనక తెర మీది ఆకాశాన్ని జానెడు మేర గీరేసింది. బట్ట చిరగలేదు గానీ రంగు లేచిపోయింది.

ఆ తెరకి బొమ్మ వేసిన పెద్దాయన జబ్బుపడి ఇంట్లో ఉన్నారు. తెర పాడైందని కబురందగానే బయల్దేరారట. ఆ మాట వినగానే ఆయన కోడలి గుండె జారిపోయింది. ఆరేళ్లుగా మామగారి దగ్గర రంగుల్లో కలిపే జిగురు కాస్తోంది, రంగులు నూరుతోంది. తెర మీద కుంచె మాత్రం ఆయన ఒక్కనాడూ పెట్టనివ్వలేదు. "నా కంటికి దొరక్కుండా ఒక్క మాసిక వెయ్యి, ఆ రోజే కుంచె నీది" అనేవారు. ఆ రోజు ఇలా నెత్తిన వచ్చి పడుతుందని ఆమె అనుకోలేదు పాపం.

నీలం కలిపి పూసింది. పూసినంత మేరా మసిగుడ్డ అంటించినట్టు నల్లగా కనపడింది.

"ఏంటమ్మా ఇది, ఉన్నదీ చెడగొట్టావు?" మేనేజరు తల పట్టుకున్నాడు. "తుడిచెయ్. నల్లగుడ్డ కప్పి కానిచ్చేద్దాం."

"జిగురు రంగు తడి మీద ముదురుగానే ఉంటుందండీ. ఆరితే లేతబడుతుంది. ఇప్పుడే కలిసిపోయేలా వేస్తే ఆరాక తెల్లమచ్చ తేలుతుంది."

"ఆరింటిలోపు ఆరకపోతే?"

ఆమె ఫ్యాను దూరంగా పెట్టించింది. దగ్గరైతే పూత అంచు ముందే ఆరి గీత కడుతుంది. అయిదున్నర. అయిదూ నలభై. మేనేజరు గడియారం చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండుతోంది.

అయిదూ యాభైకి అంచులు లేతబడ్డాయి, తర్వాత నడిమి భాగం. చివరికి ఎక్కడ పూసిందో ఆమే వెతుక్కోవాల్సి వచ్చింది. మేనేజరు నోరు వెళ్లబెట్టాడు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అప్పుడొచ్చారు మామగారు. ఖాళీ కుర్చీల మధ్య నిలబడి తెరంతా కలియజూసి, చేతికర్ర ఎత్తి చూపించారు.

"అదిగో, ఆ మబ్బు అంచు. చెయ్యి ఎంత వణికిందో చూడు."

నిచ్చెన తగిలింది అక్కడ కాదు, దానికి బారెడు ఇవతల. ఆ మబ్బు పోయిన ఏడాది, జబ్బు మొదలైన కొత్తలో, ఆయన స్వయంగా వేసింది. మేనేజరు చెప్పబోతుంటే ఆమె కళ్లతోనే ఆపింది.

"నాదే మామయ్యా," అంది.

"అనుకున్నాను. ఇంకో ఏడాది జిగురు కాయాలమ్మా నువ్వు."

"కాస్తాను."

ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ చెయ్యి ఆమె చేతిలో వణుకుతూనే ఉంది.