పవర్ ప్లగ్గు ఎంత ఎత్తులో పెట్టాలి

జనానికి చూపించి అమ్ముదామని మేం కరెంటు కారును కుప్పానికి లారీలో ఎక్కించుకుని పోయాం. మేం చేసిన మొదటి తప్పు అదే. మదనపల్లె నుంచి కుప్పం నూరు కిలోమీటర్లు దాటుతుంది. మా కారు ఒకసారి ఛార్జింగు పెడితే ఎనభై కిలోమీటర్లే పోతుంది. కాబట్టి వేరే దారి లేకపోయింది. బస్టాండు దగ్గర లారీ వెనక పలకలు వేసి, ఇద్దరు హమాలీలు పట్టుకుంటే కారు మెల్లగా నేల మీదికి దిగింది. టీ అంగడి ముందు నిలబడ్డ ఒకాయన అది చూసి, "ఇదేందప్పా, బండిని బండి మోసుకోనొచ్చిండాది!" అన్నాడు. అంతే. సాయంత్రం దాకా నేను మైకులో ఏం చెప్పినా జనం ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉన్నారు.

అది 2003. నా పేరు దేవరాజులు. బైరెడ్డిపల్లె దగ్గర పల్లె మాది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాడిని నేనే మొదలు. మదనపల్లెలో సుబ్రమణ్యంగారి షోరూంలో చేరాను. ఆయన ముప్పై ఏళ్ళు బోరు మోటార్లు అమ్మిన మనిషి. కరెంటు నీళ్ళను మూడు వందల అడుగుల లోతు నుంచి పైకి తెస్తుంటే, కారును రోడ్డు మీద ముందుకు తీసుకుపోలేదా అని బెంగళూరు కంపెనీ ఒకదాని ఏజెన్సీ తీసుకున్నారు. కంపెనీవాళ్ళు నాకు నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, జనం అడిగే ప్రశ్నలూ నేను చెప్పాల్సిన జవాబులూ అచ్చేసిన కాగితం చేతికిచ్చారు. పొగ రాదు, చప్పుడు ఉండదు, గేర్లు ఉండవు. అన్నీ నిజాలే. కానీ మా పక్క జనం అడిగిన ప్రశ్న ఒక్కటీ ఆ కాగితంలో లేదు.

రామకుప్పం నుంచి వచ్చిన రైతు ఒకాయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "సప్పుడు లేకుంటే ఏనుక్కి ఇనపడదు, అది మంచిదే. ఏనుగు ఎదురుగా నిలబడినప్పుడే సార్జింగు అయిపోతే?" అన్నాడు. పుంగనూరులో ఇంకొకాయన, "పెట్రోలు అయిపోతే అంగట్లో సీసా కొని పోసుకుంటాం. కరెంటు సీసాలో తెస్తావా నాయినా?" అన్నాడు. కురబలకోటలో గొర్రెల మందతో నిలబడ్డ పెద్దాయన అన్నింటికంటే మంచి మాట అడిగాడు. "మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తాదో ఆ లైన్‌మ్యాన్‌కే తెలీదు, దీనికెట్ల తెలుస్తాది?"

నేను నవ్వలేదు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. సుబ్రమణ్యంగారు అది చివరిదాకా చదివి, "కొనకపోయినా మంచి మాటలే అడిగినారు దేవరాజూ. వీళ్ళకి అబద్ధం సెప్పి ఒగ్గ బండి గూడా అమ్మొద్దు. ముప్పై ఏండ్లు మోటార్లు అమ్మినా, ఈ పొద్దుటికీ ఏ పల్లెకైనా తలెత్తుకోని పోతాండాను," అన్నారు. అమ్మకాలు ఒక్కటీ లేని రోజుల్లో ఆ మాట అనడం మాటలు కాదు.

అట్లాంటి రోజుల్లో సరోజమ్మగారు వచ్చారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా పనిచేసి అంతకు ముందు నెలే రిటైరయ్యారు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఎవరినీ పలకరించకుండా కారు తలుపు తీసి సీట్లో కూర్చున్నారు. కుడి కాలితో పెడళ్ళు ఒక్కొక్కటీ తాకి చూశారు.

"క్లచ్చి లేదంట, నిజమేనా?"

"లేదమ్మా. అంతా కుడికాలి పనే."

"అట్లయితే ఇది నా కోసరమే సేసినారు," అన్నారు.

ముప్పై ఆరేళ్ళప్పుడు ఆమె ఎక్కిన బస్సు బోల్తా పడి ఎడమ మోకాలు దెబ్బతింది. అప్పటినుంచి అది సరిగ్గా వంగదు. నడుం వంచినా నొప్పే. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆమెను మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పల్లె పల్లెకూ తిప్పింది తమ్ముడు వెంకటస్వామి. భర్త పోయినప్పటి నుంచి ఆమె ఉండేదీ ఆ తమ్ముడి ఇంట్లోనే.

"రిటైరైనారు గదమ్మా, ఇంగ యాడికి పోవాల?" అని అడిగాను. సేల్స్‌లో ఉన్నవాడు అడగకూడని ప్రశ్న అది.

"యాడికీ లేదు నాయినా. సౌడేపల్లెలో నా సావాసగత్తె ఉండాది. ఎవుర్నీ అడక్కుండా ఆయమ్మ ఇంటికి పోయి, ఒగ పూట కూర్చోని, నాకు బుద్ధి పుట్టినప్పుడు లేసి రావాల. ఒగసారన్నా అట్ల పోవాలని ఉండాది."

పన్నెండు రోజులు నేను ఆమెకు కారు తోలడం నేర్పించాను. నేర్పించాననడం కంటే పక్కన కూర్చున్నాననడం నిజం. మలుపులో ఎందుకు వేగం తగ్గించాలో, బ్రేకు నొక్కితే బ్యాటరీలోకి కొంచెం కరెంటు ఎట్లా తిరిగి వస్తుందో అన్నీ అడిగి తెలుసుకున్నారు. నెల దాటాక లైసెన్సూ వచ్చింది. ఆమె సంపాదన ఆమెదే కాబట్టి కొనడానికి అడ్డేమీ లేదు.

అడ్డల్లా ప్లగ్గు. కారు ఛార్జింగుకు మామూలు ప్లగ్గు చాలదు, పదిహేను ఆంపుల పవర్ ప్లగ్గు గోడకు పెట్టాలి. గోడ తమ్ముడిది. మీటరు తమ్ముడి పేరు మీద ఉంది. నేను ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని పోతే వెంకటస్వామి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"నా గోడకి బెజ్జం పెట్టనీను. ముందు బోయకొండ ఎక్కనీ. ఈ పక్క సైకిలు కొన్నా ఆ కొండ మీది గంగమ్మకు సూపించుకోనే ఇంటికి తెస్తారు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోని కొండ ఎక్కని బండికి నా ఇంట్లో కరెంటు లేదు."

"ఎక్కితే?" అన్నారు లోపలి నుంచి సరోజమ్మగారు.

"ఎక్కినాక సూస్తాంలే అక్కా."

పెట్రోలు కారైతే ఎవరికి నచ్చింది వాళ్ళు కొనుక్కుని బంకుకు తోలుకుపోవచ్చు. మా కారు కొనాలంటే ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. కంపెనీ కాగితంలో ఆ సంగతి కూడా లేదు.

ఆ సాయంత్రం నేను సరోజమ్మగారికి ఉన్నమాట చెప్పేశాను. "అమ్మా, నలుగురితో కొండ ఎక్కదు. నేనూ మా సారూ మునుపే పోయి చూసినాం. ఇద్దరితోనే తంటాలు పడి ఎక్కింది."

ఆమె నా వైపు తిరిగారు. "ఈ మాట సెప్తే నీ బండి అమ్ముడుపోదని తెలుసు గదా నీకు?"

"తెలుసమ్మా."

"మంచిది. రేపు పొద్దున్నే పోదాం."

"ఎక్కదంటాండాను గదమ్మా!"

"నువ్వు తోలితే తంటాలు పడింది. నేను తోల్లేదే ఇంగా."

కారును పుంగనూరులో మా సారుకు తెలిసిన మోటారు వైండింగు అంగట్లో ఛార్జింగు పెట్టుకుని, మరుసటి ఉదయం బయల్దేరాం. సరోజమ్మగారు తోలుతున్నారు. పక్కన నేను. వెనక సీటు కంపెనీ పిల్లల కోసం చేసింది. అందులో వెంకటస్వామి, ఆయన భార్య సావిత్రమ్మ ఇరుక్కుని కూర్చున్నారు.

"నా మోకాళ్ళు నా గడ్డానికి తగలతాండాయి," అంది సావిత్రమ్మ.

"సెప్తే ఇన్నావా మే? ఎనక సీటు పిల్లకాయలకి అని రాసిండారు," అన్నాడు వెంకటస్వామి.

కొండ కిందిదాకా బాగానే వచ్చాం. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. మూడో మలుపులో కారు వేగం మనిషి నడకంతకు పడిపోయింది. తర్వాత అదీ లేదు. ఆగిపోయింది. సరోజమ్మగారు హ్యాండ్‌బ్రేకు లాగారు. నేను దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాను. మా వెనకే వస్తున్న జీపు హారన్ మోగించింది. అందులో ఇరవై మంది దాకా ఉన్నారు, కోళ్ళ గంపలు కూడా.

"ఏమన్నా, కొండకి మొక్కు మీకా, మీ బండికా? పొర్లుదండాలు పెడతాండాది!" అని అరిచాడొకడు. జీపంతా నవ్వు.

"సూసినావా అక్కా," అన్నాడు వెంకటస్వామి. గెలిచిన గొంతు కాదది.

"సూసినా. దిగు."

"ఆఁ?"

"దిగు రా. నువ్వూ దిగు సావిత్రీ." ఇద్దరూ దిగారు. నేను నా సీట్లోకి ఎక్కబోయాను. "నువ్వు గూడా వద్దు నాయినా."

"అమ్మా, ఒక్కరేనా? ఘాటు రోడ్డిది—"

"రాయి ఎప్పుడు తియ్యాల్నో నేను సెప్తా. అంతవరకూ నువ్వు గమ్మునుండు."

ఆమె పెడలు నొక్కి, హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా వదిలి, కారు ముందుకు లాగుతున్నట్టు తెలిశాక, "తియ్," అన్నారు. తీశాను. కారు జానెడు కూడా వెనక్కి రాలేదు. చప్పుడు లేకుండా మలుపు ఎక్కింది. జీపులో నవ్వు ఆగింది. పొర్లుదండాల మాటన్నవాడే ఈల వేశాడు. నేను పన్నెండు రోజులు పక్కన కూర్చున్నాను, అంత బాగా బండి కదిలించడం నాకు చేతకాదు.

"ఈ నడక నావల్ల కాదు," అని సావిత్రమ్మ జీపెక్కి, ఎవరిదో కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని పోయింది. రోడ్డు మీద నేనూ వెంకటస్వామీ మిగిలాం.

ఇద్దరం నడక మొదలుపెట్టాం. "ఎక్కదని నాకు ముందే తెలుసు," అన్నాడాయన. "మీ కుప్పం కత టీ అంగళ్ళలో ఇంగా సెప్పుకుంటానే ఉండారు."

నేను తల వంచుకున్నాను.

"బండి మీద నాకేం కోపం లేదబ్బీ. నాకు సదువు రాలేదు. సేద్యమంటావా, వాన పడిన ఏడు పండింది, పడకుంటే లేదు. ఇడవకుండా నేను సేసింది ఒగటే పని, మా యక్కను తిప్పడం. ఏ పల్లెకు పోయినా 'నర్సమ్మ తమ్ముడొచ్చినాడు' అని మంచం ఏసి కూర్చోబెట్టేది. రేపు ఆయమ్మ పాటికి ఆయమ్మ పోతే, ఇంగ నేనెవురు?"

ఇన్ని నెలలుగా కొనని వాళ్ళు చెప్పిన కారణాలు నేను రాసుకుంటూ వచ్చాను. ఇట్లాంటిది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంకొంచెం నడిచాక ఆయనే అన్నాడు. "ఒగసారి నేను పెండ్లికని ఊరికి పోయినా. ఆ పొద్దే కాన్పు కేసని మనిషి వచ్చినాడంట. నాలుగు మైళ్ళు, ఆ కాలుతోనే నడిసిపోయింది. నేను వచ్చినాక ఒగ మాట అన్లేదు. ఆ బిడ్డ నాయిన సెప్తే నాకు తెలిసింది." ఆగి పైకి చూశాడు. కారు కనపడలేదు. వినపడలేదు. "పెట్రోలు బండయితే సప్పుడన్నా వొస్తాది. యాడుండాదో, ఏమో," అని గబగబా నడవసాగాడు. నేను ఆయన్ను అందుకోవడానికి పరుగెత్తాల్సి వచ్చింది.

మేం పైకి చేరేసరికి కారుకు పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టేశారు. సరోజమ్మగారు తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నారు. చుట్టూ ముప్పై మంది మూగారు. నేను మైకు పట్టుకుని మూడు తాలూకాలు తిరిగినా అంతమంది అంత దగ్గరికి రాలేదు.

"పెట్రోలు యాడ పోస్తారమ్మా దీనికి?" అని ఒకామె అడిగింది.

"పెట్రోలు కాదు తల్లీ, కరెంటు. మా తమ్మునింట్లో పెట్టుకుంటా," అన్నారు సరోజమ్మగారు.

వెంకటస్వామి గుంపు వెనకే నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. చెయ్యి ఆగింది. ఆమె ఆయన్ను చూడలేదు, అక్కడికి వచ్చాడని ఆమెకు తెలియదు కూడా.

"ఎంతసేపు పెట్టాలమ్మా?" అని ఇంకొకడు అడిగాడు.

"ఎనిమిది గంటలు!" అని వెనకనుంచి వెంకటస్వామి కేకేశాడు. జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. "మామూలు ప్లగ్గు పనికిరాదు. పదహైదు ఆంపులుది ఉండాల. బ్యాటరీల్లో నెలకోసారి నీళ్ళు సూస్కోవాల, బోరు నీళ్ళు కాదు, డిస్టిల్ వాటరు. నలుగురితో కొండ ఎక్కదు, అది ముందే సెప్తాండా. ఒగ మనిషికయితే బంగారట్ల పోతాది."

కంపెనీ కాగితం ఆయనకు నేనెప్పుడూ ఇవ్వలేదు. సరోజమ్మగారికి నేనిచ్చిన కాపీ ఇంట్లో ఉండేది. అది మొత్తం ఆయన ఎప్పుడు కూడబలుక్కుని చదివాడో!

"నువ్వెవురన్నా, కంపినీ మనిషివా?" అన్నారెవరో.

"నేను ఆయమ్మ తమ్ముణ్ణి," అన్నాడు.

ఆ కారు తర్వాత మేం ఇంకొకటి అమ్మలేదు. నా నోటుబుక్కు కంపెనీకి పంపించాను, జవాబు రాలేదు. మరుసటి ఏడు ఏజెన్సీ వెనక్కి పోయింది. మా కారు చెడ్డదని నేను ఇప్పటికీ అనుకోను. కొందరికే సరిపోయే బండిని అందరికీ సరిపోతుందని చెప్పుకుంటూ తిరిగాం. ఆ కొందరు ఎవరో, వాళ్ళ ఇళ్ళలో ఎవరుంటారో, వాళ్ళకు ఏం కావాలో మేం వెతకలేదు. సరోజమ్మగారు మమ్మల్ని వెతుక్కుని వచ్చారు కాబట్టి ఆ ఒక్కటైనా అమ్ముడుపోయింది.

కొండ దిగిన రోజు మధ్యాహ్నమే వెంకటస్వామి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ఆ అబ్బాయి వరండా గోడకు నేల నుంచి జానెడు ఎత్తులో గుర్తు పెట్టబోయాడు.

"ఆడ కాదు. ఆడ పెడితే ఆయమ్మ వంగాల," అన్నాడు వెంకటస్వామి. "అక్కా, ఇట్ల రా. గోడకాడ నిలబడు. కాలు సదురుకోవద్దు, ఎట్ల నిలబడతావో అట్లే నిలబడు. చెయ్యి సాపు."

"ఏందిరా, సిన్నపిల్లకి పావడ కొలత తీసుకున్నట్ల!"

"సాపంటే సాపు."

ఆమె నవ్వుతూ అరచెయ్యి గోడకు ఆనించారు. వెంకటస్వామి ఎలక్ట్రీషియన్ చెవి మీది పెన్సిలు తీసుకున్నాడు.

"ఇంత ఎత్తులో ఎవురూ పెట్టరన్నా," అన్నాడు ఎలక్ట్రీషియన్. "వైరంతా కనపడతాది. సూసేదానికి బాగుండదు."

"నువ్వు సూడొద్దులే," అన్నాడు వెంకటస్వామి, అక్క చేతి కింద గీత గీస్తూ.